తలుపు కింద చార

"గిన్నెలు తర్వాత కడుక్కోవచ్చు, ముందు దీన్ని కాస్త మురికి చెయ్యి," అన్నారు మావారు, అరచేతిలో పట్టే గూడ్సు పెట్టెను తెచ్చి సింకు పక్కన పెడుతూ. బయటివాళ్లకు ఈ మాట పిచ్చిగా వినిపించవచ్చు గానీ మా ఇంట్లో ఇది మామూలే. ఆయనకు పాతకాలపు రైలు పెట్టెల బొమ్మలు చేయడం సరదా. బొమ్మలంటే కోపం వస్తుంది, నమూనాలు అనాలి. ఎప్పుడో పట్టాల మీద తిరిగిన ఫలానా పెట్టెను ఎంచుకుని, దానికి చెక్కలెన్ని, బ్రేకు చక్రం ఏ చివర ఉంది, పక్కన నంబరు ఏ రంగుతో రాశారు, ఇవన్నీ పాత ఫోటోల్లోంచి ఏరి, అసలుకి ఎనభై ఏడో వంతు సైజులో మళ్లీ కట్టాలి. అంతా అయ్యాక అది పెళ్లికూతురిలా నిగనిగలాడుతూ ఉంటుంది. ఎండా వానా తిన్న పెట్టె అలా ఉండదు కనక దానికి దుమ్ము, తుప్పు, మసి పట్టించాలి. ఆ పని నాది. "మురికి మా ఆవిడ డిపార్టుమెంటు," అని ఆయన తన నమూనాల క్లబ్బులో చెబితే అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. అందులో అబద్ధమేమీ లేదు. తలుపు పిడి చుట్టూ జిడ్డు ఎంతమేర పాకుతుందో, వానకి మేకు కింద తుప్పు ఎంత పొడుగు జారుతుందో, చూరు నీడన ఏ చెక్క శుభ్రంగా మిగిలిపోతుందో, రోజూ తుడిచే మనిషికి ఒకరు నేర్పక్కర్లేదు. సుద్దపొడి, పాత టూత్‌బ్రష్, నీళ్లలా పలచన చేసిన నలుపు ఉంటే చాలు.

మొదట్లో మురికి ఒక్కటే. తర్వాత ఆయన చెయ్యి వణుకుతోందని నంబర్లు రాయడం నాకొచ్చింది. నేను మ్యాపుల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆ పేరు చివర నిలబడ్డ మగవాణ్ణి తీసేయాలని మా ఆఫీసులో ఇంతవరకు ఎవరికీ తోచలేదు. సన్నగీత గీయడం నా వృత్తి, దాని కింద సంతకం పెట్టడం మా సూపరింటెండెంటుగారి వృత్తి. నంబర్ల తర్వాత చెక్కలు అతికించడం వచ్చింది, ఆయనకు నడుము నొప్పి కనక. ఆ తర్వాత రైల్వే మ్యూజియంలో కూర్చుని పాత ఫోటోలు వెతకడం వచ్చింది, ఆయనకు దుమ్ము పడదు కనక. చివరికి ఆయనకు మిగిలినవి పైకప్పు అతికించడం, చక్రాలు బిగించడం, మాట్లాడటం. ఇదంతా ఎవరో నా నెత్తిన రుద్దారని చెప్పుకుంటే అన్యాయం అవుతుంది. ఆ పని నాకు ఇష్టం. భూతద్దం కింద ఒక చెక్కకీ ఇంకో చెక్కకీ మధ్య సందు చూస్తున్నప్పుడు నన్నెవరూ పిలవకూడదనిపించేది. పిలిచేవారు, అది వేరే సంగతి. మా అత్తగారికి మజ్జిగ కావాలి, ఈయనకు కళ్లద్దాలు కనపడవు, పప్పు పొయ్యి మీద ఉందని నాకే గుర్తొస్తుంది.

ఈ పెట్టె సంగతి ఒక ఫోటోతో మొదలైంది. క్లబ్బు ప్రెసిడెంటుగారు ఎక్కడినుంచో సంపాదించారు. ఆయన్ని అందరూ మేకుల మాస్టారు అంటారు, ఎవరు ఏ నమూనా తెచ్చినా ముందు మేకులు లెక్కపెడతారు కనక. ఫోటోలో ఒక ముసలి గూడ్సు పెట్టె పక్కలైను మీద ఒంటరిగా ఆగి ఉంది. తలుపు సగం తెరిచి ఉంది. తలుపు కింద కుడివైపు ఒక చెక్క దిమ్మ, ఎడమవైపు గోడ మీంచి నేలదాకా తెల్లటి చార. ఆ చార ఏమిటన్న దాని మీద క్లబ్బులో నెలల తరబడి చర్చ జరిగింది. ఒకాయన సిమెంటు అన్నాడు, ఒకాయన ఉప్పు అన్నాడు. ఆ లైను చివర సున్నపురాయి గని ఉండేది కనక సున్నమే అని మేకుల మాస్టారు తీర్పు చెప్పారు. నేను వాళ్లందరికీ టీ ఇచ్చి, కప్పులు తీస్తూ ఆ ఫోటో వైపు వంగి చూశాను. ఆ చార నాకు తెలుసు. మా వంటింటి వెనక మెట్టు దగ్గర, మాకు ముందు అద్దెకున్నవాళ్లు వదిలి వెళ్లిన చార అచ్చం అలాగే ఉంటుంది. మధ్యలో పాలిపోయి, అంచుల్లో నల్లగా. జిడ్డు నీళ్లు రోజూ ఒకేచోట పారబోస్తే మధ్య రంగు పోతుంది, అంచుల్లో జిడ్డుకి దుమ్ము అంటుకుంటుంది. ఆ దిమ్మలాంటి దిగే మెట్టు ఉన్న వైపు ఎవరూ పొయ్యరు, రెండోవైపు పోస్తారు. ఆ పెట్టెలో సరుకు లేదు. అందులో ఎవరో కాపురం ఉంటున్నారు.

ఆ సాయంత్రం మావారితో చెప్పాను. ఊహలు పనికిరావు, ఆధారం కావాలన్నారు. సరే కదా అని నాలుగు ఆదివారాలు మ్యూజియంలో కూర్చున్నాను. అదే లైను ఫోటోల్లో ఒకదాంట్లో, దూరంగా, అదే నంబరు పెట్టె. దానికీ పక్కనున్న స్తంభానికీ తాడు కట్టి ఉంది, తాడు మీద బట్టలు. ఓ చిన్న గౌను కూడా ఉంది. పనికిరాని పెట్టెల్ని పట్టాల పనివాళ్ల కుటుంబాలకు ఇళ్లుగా ఇచ్చేవారని మ్యూజియం చూసుకునే పెద్దాయన చెప్పారు. ఫోటో కాపీ తెచ్చి బల్లమీద పెట్టాను. మావారు చాలాసేపు చూశారు. ఆయన మూర్ఖుడు కాదు. "నువ్వు చెప్పిందే నిజం కావచ్చు," అన్నారు. "కానీ మనం సరుకు పెట్టెల పోటీకి పేరిచ్చేశాం. ఇల్లు అంటే ఇందులో ఉండనివ్వరు. అయినా ఎప్పుడో పోయిన మనిషి ఎక్కడ నీళ్లు పారబోస్తే మనకేంటి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సున్నం అని వేసెయ్."

వేశాను, కానీ సున్నం వెయ్యలేదు. నా కళ్లకు కనపడిందే వేశాను. మధ్యలో చెక్క రంగు పోయేదాకా గీకి, అంచుల్లో నూనె చుక్క కలిపిన మసి అద్ది, దానిమీద సుద్దపొడి ఊదాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "సున్నం అచ్చు దిగిందోయ్," అన్నారు. నేను బ్రష్ కడగడానికి లేచాను. ఆ పోటీలో ఒక నియమం ఉంది. పెట్టె ముందు నిలబడి అడిగినవాటికి చేసినవాళ్లే జవాబు చెప్పాలి. పేరిచ్చింది ఆయనది కనక వారం రోజులు పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ నేను ప్రశ్నలు అడిగేదాన్ని, ఆయన టిఫిను తింటూ అప్పజెప్పేవారు. పక్కగదిలో టీవీ చూస్తున్న మా అత్తగారు ఎవర్ని చూసి అన్నారో గానీ, "సొమ్మొకడిది సోకొకడిది," అన్నారు గట్టిగా. ఇస్త్రీపెట్టె పట్టుకున్న నాకు ఒక్కదానికే నవ్వొచ్చింది.

పోటీ ఒక పెద్ద హాల్లో. వరసగా బల్లలు, వాటి వెనక మగవాళ్లు, వాళ్ల వెనక కుర్చీల్లో ఫ్లాస్కులు పట్టుకుని భార్యలు. నేనూ ఫ్లాస్కు పట్టుకునే కూర్చున్నాను. పరీక్షించడానికి వచ్చింది మ్యూజియం పెద్దాయనే. ఆదివారాలు నన్ను చూసినవారే అయినా అక్కడ నన్ను గుర్తుపట్టలేదు. చెక్కల గురించి అడిగారు, మావారు చెప్పారు. బ్రేకు చక్రం గురించి అడిగారు, చెప్పారు. మేకుల మాస్టారు పక్కన నిలబడి తల ఊపుతున్నారు. మా క్లబ్బుకి ఇంతవరకు ఈ పోటీ కప్పు రాలేదు. ఈసారి వస్తే వచ్చే ఏడు ప్రెసిడెంటు మావారే. పెద్దాయన భూతద్దం తీసి తలుపు దగ్గర ఆగారు.

"ఈ చార ఏమిటి?"

"సున్నమండీ."

"సున్నం దించితే తలుపుకి రెండువైపులా రాలాలిగా. ఒక్క ఎడమవైపే ఎందుకుంది?"

ఆ ప్రశ్న నేను ఆయనకు నేర్పలేదు. మరిచిపోయానా, కావాలని వదిలేశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. మావారు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. కళ్లద్దాలు కనపడనప్పుడు చూసే చూపే అది. అందులో అధికారం కూడా ఉండదు, నేను ఇస్తానన్న నమ్మకం ఒక్కటే ఉంటుంది. నా దగ్గర జవాబు తయారుగానే ఉంది. కుడివైపు దిమ్మ అడ్డం కనక కూలీలు ఎడమవైపు నుంచే బస్తాలు దించేవారు అంటే సరిపోతుంది. ఒక్క వాక్యం. కప్పు వస్తుంది, ఇంటికెళ్లే దారిలో ఆయన పాట పాడతారు, వారం రోజులు ఇల్లు హాయిగా ఉంటుంది. అలాంటి వాక్యాలు ఈ కాపురంలో ఎన్ని అందించానో. ఆ తాడుమీద గౌను గుర్తొచ్చింది. ఎవరో ఒకావిడ రోజూ కడిగి, పారబోసి, మళ్లీ కడిగి, ఈ లోకంలో వదిలిన ఆనవాలు అదొక్కటే. దాన్ని కూడా సున్నం బస్తాల కింద రాసెయ్యాలి, అదీ నా నోటితో. ఫ్లాస్కు కింద పెట్టి లేచాను.

"అది సున్నం కాదండీ. గిన్నెలు కడిగిన నీళ్లు. ఆ పెట్టెలో సంసారం ఉండేది."

మావారు నవ్వేశారు. "రంగులవీ మా ఆవిడ సాయం చేస్తూ ఉంటుందండీ," అన్నారు.

"సాయం కాదండీ," అన్నాను పెద్దాయనతో. "చేసింది నేనే."

పెద్దాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. మెచ్చుకోలేదు, ఆశ్చర్యపోలేదు. ఇల్లయితే ఈ విభాగంలో ఉండకూడదని చెప్పి పెట్టెను పక్కకు పెట్టించారు. అంతలో ఏదో తోచినట్టు జేబులోంచి చిన్న టార్చి తీసి సగం తెరిచిన తలుపులోంచి లోపలికి వేశారు.

"సంసారం అన్నారు. లోపల ఏమీ లేదేమ్మా?"

నిజమే. సరుకు పెట్టె నమూనాకి లోపల ఎవరూ ఏమీ పెట్టరు, ఎవరికీ కనపడదు కనక. నేనూ పెట్టలేదు. అంతా బయటినుంచే చూశాను, మేకుల మాస్టారు చూసినట్టే. నాకు చెంపలు వేడెక్కాయి. ఓడిపోయినందుకు కాదు, ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసినందుకు.

దారిలో మావారు, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు," అన్నారు. జీవితంలో నేను లెక్కపెట్టినవల్లా ఆయన లెక్కపెట్టమన్న చెక్కలే. ఆ మాట అందామనుకుని మానేశాను, ఆయన ముఖం నిజంగానే చిన్నబోయి ఉంది. జాలి వేసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. ఇంటికెళ్లాక మా అత్తగారు సంగతంతా విని, "మగాడి నోట్లోంచి మాట లాక్కున్నావా అమ్మాయ్," అని, అంతలోనే "ఇంతకీ ఆవిడకి పిల్లలెందరు?" అని అడిగారు. తెలియదన్నాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మావారు ఆ పెట్టె చేత్తో పట్టుకుని వచ్చారు. కోపం తగ్గింది. ఇంకో ఊళ్లో ఇంకో పోటీ ఉందట, అక్కడ ఈ సంగతి ఎవరికీ తెలియదట. "ఆ చార మీద కాస్త తెలుపు కొట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటా," అన్నారు. ఆయన గొంతు బతిమాలుతున్నట్టే ఉంది.

"ఇది ఇవ్వనండీ," అన్నాను.

"ఇవ్వనంటే?"

పెట్టె అందుకుని చక్రాలు రెండు జతలూ ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇవి మీరు బిగించినవి." బ్లేడుతో పైకప్పు అంచున ఉన్న జిగురు చుట్టూతా కోసి, కప్పు కూడా ఆయనకే ఇచ్చాను. "ఇదీ మీరు అతికించిందే. నేను వేరే వేసుకుంటాను." ఆయన ఆ రెండూ పట్టుకుని హాల్లోకి వెళ్లిపోయారు. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. కప్పు లేని పెట్టెలోకి వెలుగు తిన్నగా పడుతోంది. ఆవిడ పొయ్యి ఏ మూల పెట్టుకుందో, పడక ఎటు వేసుకుందో నాకు తెలియదు. ఫోటోలో తలుపు వెనక అంతా చీకటే. అవి వెతకాలి, కొన్ని ఊహించాలి, ఎన్నాళ్లు పడుతుందో. ఒక్కదానికి మాత్రం ఆధారం అక్కర్లేదనిపించింది. సరుకు పెట్టెకి గడియ బయటివైపే ఉంటుంది. ఎవరో వేస్తారు, ఎవరో తీస్తారు, సరుకుని అడగరు. అందులోకి కాపురానికొచ్చిన ఆడమనిషి మొదటిరోజే ఏం చేసి ఉంటుందో నాకు తెలుసు. అందుకని పొయ్యి కంటే, పడక కంటే ముందు, సన్నటి ఇత్తడి తీగ వంచి ఆ తలుపుకి లోపలివైపు గడియ పెట్టాను.