ఎలుక స్వామి

ఆ ఆదివారానికి జనార్దన్ అయ్యప్ప మాల వేసుకుని పంతొమ్మిది రోజులు. నల్ల పంచె, నల్ల చొక్కా, పెరిగిన గడ్డం, చెప్పుల్లేని కాళ్లు. బేగంబజార్లో కర్పూరం, ఎండుకొబ్బరి కొనుక్కుని, కూతురు స్నేహతో అబిడ్స్ మీదుగా నాంపల్లిలోని ఇంటికి నడుస్తున్నాడు. మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వాటి పక్కనే ఒక పట్టా మీద పాత కంప్యూటర్ సీడీలు కనిపించేసరికి స్నేహ అక్కడే కూర్చుండిపోయింది.

స్నేహ వరంగల్‌లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో చేరిన దగ్గర్నుంచి తండ్రితో మాటలు సన్నగిల్లాయి. "తిన్నవా?" అంటే "తిన్న." "పానం మంచిగుందా?" అంటే "మంచిగనే ఉంది." ఫోను అక్కడితో అయిపోయేది. ఇప్పుడు సెలవులకు ఇంటికి వస్తే పైనుంచి ఈ దీక్ష. దీక్షలో ఉన్నవాడికి మగవాళ్లందరూ స్వాములు, ఆడవాళ్లందరూ మాతలు. గుమ్మంలోకి వచ్చిన కుక్క కూడా స్వామే. కన్నతండ్రి వచ్చి "అన్నం తిన్నవా, మాతా?" అని అడిగితే పంతొమ్మిదేళ్ల పిల్ల ఏం జవాబు చెబుతుంది? వచ్చిన మూడు రోజులూ తల ఊపి సరిపెట్టింది.

అలాంటి పిల్ల ఒక అట్టపెట్టె పట్టుకుని లేచి, "డాడీ, ఇది ఐదేండ్ల కిందటి గేమ్. మా హాస్టల్ల అందరు దీని ముచ్చటే చెప్తరు. ఇద్దరం ఆడుదామా?" అంది.

జనార్దన్ పెట్టె మీది బొమ్మ చూశాడు. కత్తి పట్టిన మనిషి, వెనక పొగలు కక్కే కొండ, దాని పక్కన కొమ్ములున్న ఏదో ప్రాణి.

"ఇండ్ల ఏం చెయ్యాలె?"

"ఏమన్న చెయ్యొచ్చు. పెద్ద దేశం ఉంటది. ఎటన్న పోవచ్చు. కొట్లాడొచ్చు, మంత్రాలు నేర్వొచ్చు, దొంగతనం చెయ్యొచ్చు."

"దొంగతనమా?"

"చెయ్యాలని లేదు డాడీ. చెయ్యొచ్చు అంటున్న."

జనార్దన్ మనసులో రోజులు లెక్క వేసుకున్నాడు. దీక్ష ముగియడానికి ఇంకా ఇరవై రెండు రోజులు. స్నేహ వచ్చే ఆదివారమే వెళ్లిపోతుంది. 'దీక్ష అయినంక చూద్దాం' అంటే వద్దన్నట్టే. వద్దంటే, మళ్లీ ఎప్పుడు అడుగుతుందో ఆ భగవంతుడికే తెలియాలి.

"గురుస్వామిని అడిగి చెప్త, మాతా."

మాతా అన్న మాట వినగానే స్నేహ అటుగా పోతున్న బస్సు వైపు చూసింది. అయినా పెట్టె మాత్రం కొంది.

ఇంట్లో ఈ సంగతి విని భార్య పద్మ నవ్వు ఆపుకోలేదు. "మొన్న టూత్‌పేస్టు వాడొచ్చా అని అడగ పోయిన్రు. నిన్న దోమల బత్తి ముట్టియ్యొచ్చా అని పోయిన్రు. గురుస్వామిని ఒక రిజిస్టర్ పెట్టుకొమ్మని చెప్పుండ్రి, స్వామీ."

అతనికి మాల వేసిన గురుస్వామి రాజనర్సు తపాలాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైనవాడు. పద్దెనిమిది సార్లు శబరిమల వెళ్లొచ్చాడు. సాయంత్రం పూజ అయ్యాక జనార్దన్ చెప్పిందంతా విని, ఉత్తరాలు ఏరినట్టే ఒక్కొక్క ప్రశ్నా ఏరి అడిగాడు.

"అండ్ల మాంసం తినాల్నా?"

"తినకున్నా నడుస్తదట, స్వామీ."

"కల్లు, సారా?"

"దుకాణమైతే ఉంటదట. పోవుడు మన ఇష్టమట."

"ఆడోళ్ల యవ్వారం?"

"అది అడగలే స్వామీ. బిడ్డను ఎట్ల అడుగుత?"

గురుస్వామి కాసేపు కళ్లు మూసుకున్నాడు. "నీ ఇంటి నుంచి ఈడికొచ్చే తొవ్వల ఏమేమున్నయ్?"

"రెండు బిర్యానీ హోటళ్లు, ఒక వైన్ షాపు, ఒక పేకాట క్లబ్బు."

"మరి వచ్చినవ్ కద."

"వచ్చిన."

"గట్లనే అండ్లకు గూడ పో. కాని నియమాలు ఇంట్ల పెట్టి పోవద్దు. ఎంట తీస్కపో."

తిరిగి వస్తూ జనార్దన్ ఆలోచించాడు. గురుస్వామి వద్దని ఉంటే తనేం చేసేవాడు? ఊరుకునేవాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఎవరినీ అడగకుండా చేసిన పని ఒక్కటైనా ఉందా? దేవుణ్ణి నమ్మినవాడు తన బుద్ధిని కూడా కాస్త నమ్మవచ్చా? ఆ సంగతి కూడా గురుస్వామినే అడగాలేమో అనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి చన్నీళ్ల స్నానం, పూజ ముగించుకుని జనార్దన్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మామూలుగా తొమ్మిదింటిదాకా లేవని స్నేహ దుప్పటి కప్పుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆట ముందుగా పేరు అడిగింది. స్వామి అని కొట్టించాడు. తర్వాత జాతి అడిగింది.

"అందరొకటే అని రాయి, మాతా."

"రాయనియ్యదు డాడీ. ఏరుకోవాలె."

అన్నిటికన్నా సాదాగా ఉన్న మనిషిని ఏరుకున్నాడు. తర్వాత జన్మనక్షత్రం అడిగింది.

"అయ్యప్ప స్వామి పుట్టిన ఉత్తర లేదేంది?"

"ఆడ నక్షత్రాలు వేరే."

"ఆకాశం గూడ వేరేనా?" అని ఆశ్చర్యపోయి, ఆ దేశంలో అడుగుపెట్టగానే చెప్పులు విప్పించాడు. నల్ల అంగీ తొడిగించాడు. నడుముకున్న చాకు నేల మీద పెట్టించాడు. స్నేహ దుప్పట్లో మొహం దాచుకుని నవ్వింది.

ఊళ్లో మొదట కనబడిన ఆసామి ఒక పని చెప్పాడు. అతని గోదాములో ఎలుకలు పడి ధాన్యం తింటున్నాయి. చంపితే బహుమానం ఇస్తాడు. గోదాములోకి వెళ్లగానే మేకంత ఎలుక మీదికి దూకింది.

"కొట్టు డాడీ."

"ఎలుక స్వామిని ఎట్ల కొడ్తం?"

ఎలుక స్వామికి అలాంటి పట్టింపులేమీ లేవు. జనార్దన్ చచ్చిపోయాడు. స్నేహ పడీపడీ నవ్వి మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారీ చచ్చిపోయాడు. మూడోసారి ఆమె నవ్వలేదు. నాలుగోసారి చచ్చాక ఆమె చెయ్యి స్విచ్చు మీదికి పోయింది.

"గిట్లయితే ఆడలేం డాడీ. మీ దీక్ష అయినంక చూద్దాం."

జనార్దన్ స్విచ్చుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. నువ్వు కొట్టు. నేను కండ్లు మూసుకుంట."

"అంటే ఆ పాపం నాకా?"

వంటింట్లోంచి పద్మ అంది: "పుణ్యం స్వామికి, పాపం పిల్లకు. పంపకం మంచిగుంది."

జనార్దన్ సిగ్గుపడ్డాడు. తెర మీద ఆసామి ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఆయన చెప్పిన పని చెయ్యకుంటే ఏమైతది?"

"ఏం గాదు. గట్లనే నిలబడి ఉంటడు."

"ఎన్ని దినాలు?"

"ఎన్ని దినాలైనా."

"అయితే నిలబడనియ్. మనం పోదాం పా."

స్నేహ తండ్రి వైపు కొత్తగా చూసింది. హాస్టల్లో ఎవరికి ఎంత పెద్ద కత్తి దొరికిందో, ఎవరు ఎన్ని భూతాలను చంపారో, అదే గొప్ప. ఊరికే నడుచుకుంటూ పోయినవాళ్లు ఆమెకు తెలియదు.

నడిచారు. నాలుగు రోజుల పాటు పొద్దున స్నానమయ్యాక, సాయంత్రం పూజకు ముందు నడిచారు. చేపలు పట్టేవాళ్ల పల్లె చూశారు. నీలం ఆకుల అడవి దాటారు. ఏ దేవుడిదో తెలియని గుడి కనబడితే జనార్దన్ బయటే ఆగి, ఇందులో ఉన్నది మన స్వామే అయ్యుంటాడా అని కాసేపు యోచించి, కాకపోతే మాత్రం పోయేదేముంది అని దండం పెట్టాడు. రాత్రయితే సత్రంలో మంచం వదిలి తెర మీది మనిషిని నేల మీదే పడుకోబెట్టించాడు. ఏదైనా జంతువు వెంటపడితే "శరణం స్వామీ" అని పరుగే పరుగు. స్నేహ పాత క్యాలెండర్ కాగితం వెనక దారులన్నీ గీస్తూ వచ్చింది.

గురువారం పొద్దున ఒక వంతెన మీద ఉండగా, తెర మీంచి కళ్లు తిప్పకుండా, "డాడీ, నేను మ్యాథ్స్ తప్పిన. రెండు నెలలైంది. చెప్పలే," అంది.

జనార్దన్ చెయ్యి ఆగిపోయింది.

"ఆగకు. ఎన్క తోడేలు స్వామి వస్తున్నడు."

ఉరికాడు. వంతెన దాటాక, ఊపిరి తీసుకుని, "మళ్ల రాస్తవా?" అన్నాడు.

"ఏప్రిల్ల."

"రాయి మరి," అన్నాడు. స్నేహ తల ఊపింది గానీ ఈసారి అక్కడితో ఆగలేదు. ఆ సాయంత్రం ఆట పక్కన పెట్టి లెక్కల మాస్టారు నడిచే తీరు కూడా అభినయించి చూపించింది.

శుక్రవారం పొద్దున ఆట తెరిస్తే మనిషి వంతెన దగ్గర లేడు. మొదటి ఊళ్లో, గోదాము ముందు నిలబడి ఉన్నాడు. నెత్తిన ఇనుప టోపీ, కాళ్లకు బూట్లు, చేతిలో మూరెడు కత్తి.

"మమ్మీ," అంది స్నేహ.

పద్మ గరిటెతోనే వచ్చింది. "మీరిద్దరు నిన్న మధ్యాహ్నం సుల్తాన్ బజార్ పోయిన్రు కద. జర కూసున్న. ఎట్ల ఆడాల్నో రోజూ చూస్తనే ఉన్న. పాపం ఆ మనిషి నాలుగు దినాల సంది నిలబడ్డడు. గింజలన్నీ ఎలుకల పాలైతుంటే ఎట్ల ఊకుంట?"

"చంపినవా?" అన్నాడు జనార్దన్.

"పదకొండు. మాల మీరేసుకున్నరు, నేను కాదు."

"పాతది ఉన్నదా, మాతా?" అని కూతుర్ని అడిగాడు. స్నేహ వెతికి, లేదంది. పద్మ దాని మీదే సేవ్ చేసింది. మళ్లీ మొదట్నుంచి మొదలుపెడితే ఆ నాలుగు రోజుల దారంతా పోతుంది. మొదలుపెట్టకపోతే, పదకొండు ప్రాణాలు తీసిన చేతులతో దీక్షలో నడవాలి.

జనార్దన్ లేచాడు. భుజాన తువ్వాలు వేసుకుని గురుస్వామి ఇంటికి బయల్దేరి గుమ్మం దాకా వెళ్లాడు. స్నేహ మౌస్ మీంచి చెయ్యి తీసి దుప్పట్లో పెట్టుకుంది, అంతే.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. గురుస్వామి పూజలో ఉంటాడు. లేచి, కళ్లు మూసుకుని, ఏదో ఒకటి చెబుతాడు. మంచి మాటే చెబుతాడు. కానీ ఇరుముడి నెత్తిన పెట్టుకుని ఏటా కొండెక్కే లక్షల మందీ తప్పు చేయని చేతులతోనే ఎక్కుతున్నారా? అలాంటివాళ్లే రావాలంటే ఆ స్వామి ఒక్కడే కూర్చుని ఉండాలి కదా?

వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"బూట్లు విప్పు. టోపీ తియ్. ఆ కత్తి కింద పెట్టు. పోదాం."

"కత్తి పడెయ్యకుండ్రి," అంది పద్మ. "మంచి ఇనుము."

"నువ్వు గూడ వచ్చి కూసో, మాతా. ఇంక దొంగతనంగ ఎందుకు?"

"ఆ మాతా అనుడు బంద్ చేస్తే కూసుంట," అంటూనే పద్మ స్టూలు లాక్కుంది.

స్నేహ దుప్పటి పక్కకు తోసి మౌస్ అందుకుంది. ఊరు దాటాక దారి రెండుగా చీలింది. "ఎటు పోదాం డాడీ?"

"ఎడమకు," అన్నాడు జనార్దన్ వెంటనే, ఎవరినీ అడగకుండా.

"అటు ఏం లేదు, ముండ్ల కంచె," అంది పద్మ. "నేను నిన్న చూసొచ్చిన."