ఇద్దరికీ ఒకే గేటు

మే నెల మూడో వారానికి ఇది ఐదో స్కూలు. ఐదింటి బోర్డుల మీదా ఒకటే మాట: ద్విభాషా అంతర్జాతీయ పాఠశాల. ఇంగ్లీషూ ఫిలిపినో రెండూ పిల్లల అరచేతిలో పెడతారట. లోపలికి వెళ్తే గానీ బండారం బయటపడదు.

మొదటిదాంట్లో ఫిలిపినో, అంటే మా ఇంటి తగలోగ్, మాట్లాడిన పిల్లల పేర్లు నడవాలో బోర్డుకెక్కించారు, వాళ్ళేదో దొంగతనం చేసినట్టు. రెండోదాంట్లో ఫిలిపినో పాఠం కూడా ఇంగ్లీషులోనే చెబుతున్నారు. మూడోదాంట్లో పిల్లని చేర్చుకుంటాం, పిల్లాడికి ఇంగ్లీషు చాలదన్నారు. నాలుగోదాంట్లో పిల్లాడు బంగారం, పిల్లకే ఫిలిపినో ముక్క రాదన్నారు. "రాదనే కదండీ ఇక్కడికి తీసుకొచ్చాం" అంటే, ఆ గుమాస్తా నన్ను జాలిగా చూసి ఫ్యాను తనవైపు తిప్పుకుంది.

నేనేమీ గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. నా పిల్లలిద్దరూ ఒకే గేటులోంచి వెళ్ళి, ఒకే గేటులోంచి రావాలి. అంతే.

నేనూ మా ఆయన ఆర్నెలూ నర్సు ఉద్యోగాలకి రియాద్ వెళ్ళేనాటికి మా జెరిక్‌కి మూడేళ్ళు. వాణ్ణి మా అత్తగారి దగ్గర వదిలి వెళ్ళాం. మా వీధిలో రెండిళ్ళకొకటి అలా వదిలి వెళ్ళినవాళ్ళదే, ఎవరూ వింతగా చూడలేదు. మరుసటేడు క్లారిస్ అక్కడే పుట్టింది. దానితో మేం ఇంగ్లీషే మాట్లాడాం. ఆ ఇంగ్లీషుతోనే మేం గడప దాటాం మరి, అదే దాన్నీ గట్టెక్కిస్తుందనుకున్నాం.

అక్కడితో ఆగినా బాగుండేది. శుక్రవారం శుక్రవారం ఇంటికి ఫోను చేసినప్పుడు, తెరమీద చెల్లెలు కనబడగానే జెరిక్ తగలోగ్‌లో ఏదేదో చెప్పబోయేవాడు. నేనే ఆపేదాన్ని. "దానితో ఇంగ్లీషులో మాట్లాడరా, దాని భాష పాడవుతుంది" అనేదాన్ని. పాపం, వాడు నాలుగు వాక్యాలు ముందే బట్టీపట్టి కూర్చునేవాడు. బాగున్నావా, నేను బాగున్నాను, ఏం తిన్నావు, నేను అన్నం తిన్నాను. ఆ నాలుగూ అయిపోయాక చెయ్యి ఊపి, ఫోను వాళ్ళ నానమ్మకిచ్చి వెళ్ళిపోయేవాడు. నేను మురిసిపోయేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మార్చిలో మా ఊరు శాంతా రోసాకి తిరిగొచ్చేశాం. ఇప్పుడు వాడికి పన్నెండు, దానికి ఎనిమిది. ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు, మధ్యలో దుబాసీని నేను.

"వేయించిన చేప ఇటివ్వమంటోంది" అంటాను వాడితో.

"ముళ్ళుంటాయి, చూసుకు తినమని చెప్పండి" అంటాడు వాడు నాతో, దానివైపు చూడకుండా.

మా అత్తగారు సినిగాంగ్ పులుసు గిన్నె కింద పెడుతూ, "తొమ్మిదేళ్ళు కష్టపడి పిల్లలిద్దర్నీ భలే చుట్టాల్ని చేశావే" అంది ఒకరోజు.

ఐదో స్కూలు మాత్రం చూడగానే నచ్చింది. గోడ మీద పెద్దక్షరాలతో 'రెండు భాషలు, ఒకే కుటుంబం' అని ఉంది. ప్రవేశాలు చూసే ఇలగాన్ మేడం మాకు చల్లటి కాలమాన్సి నిమ్మరసం ఇప్పించింది. పిల్లలిద్దరికీ వేర్వేరు గదుల్లో పరీక్ష పెట్టారు. గంట తరవాత నవ్వుతూ వచ్చి, "ఇద్దరూ నెగ్గారు" అంది.

ఆర్నెల్ నా మోకాలి మీద తట్టాడు. "చూశావా మెర్లీ, ఊరికే నోరు పారేసుకుంటావు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గులేకుండా ఆవిడ ముందే తుడుచుకున్నాను. స్కూలు చూపిస్తానంటే నలుగురం ఆవిడ వెనకాలే బయల్దేరాం.

నీలం భవనం. ఈతకొలను, నాటకాల గది, చల్లటి తరగతులు. క్లారిస్ చెప్పులు విడిచి కొలనులో కాళ్ళు పెట్టబోయింది. "మీ పాప ఇక్కడ, ఇంగ్లీషు విభాగంలో" అంది మేడం. ఆ తరవాత ఒక పెద్ద గోడ, గోడకో తలుపు, తలుపుకి తాళం. కాపలావాడు తాళం తీస్తే అవతల ఆకుపచ్చ భవనం. ఫ్యాన్లు, బెంచీలు, బాస్కెట్‌బాల్ బుట్ట కట్టిన సిమెంటు నేల. "మీ బాబు ఇక్కడ. ఇది స్థానిక విభాగం, పాఠాలు ఎక్కువగా ఫిలిపినోలో."

"రోజంతా వేరువేరుగానేనా?" అడిగాను.

"స్కూలొకటే మేడం. ప్రాంగణం కూడా ఒకటే."

"భోజనం?"

"వేళలు వేరు."

"గేటు?"

"ఆకుపచ్చవాళ్ళకి వెనక వీధిలోంచి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే రెండు భాషలు, ఒకే కుటుంబం అని ఎవర్ని మోసం చెయ్యడానికి రాశారు? రెండు భాషల మధ్య ఈ గోడెందుకండీ?"

ఆవిడకి కోపం రాలేదు. ఇలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టుంది. "మూడేళ్ళ కిందటిదాకా లేదు మేడం. అందరూ కలిసే తినేవారు, ఆడుకునేవారు. తల్లిదండ్రులే కమిటీ వేసి మరీ అడిగారు. విదేశాల నుంచి వచ్చినవాళ్ళే, మీలాగ. అవతలి పిల్లలతో కలిస్తే తమ పిల్లల ఇంగ్లీషు పాడవుతుందన్నారు."

ఆ కమిటీలో నేను లేను. మూడేళ్ళ కిందట ఇక్కడుండి ఉంటే తప్పకుండా ఉండేదాన్ని, మొదటి సంతకం కూడా నాదే అయ్యేది.

ఇవన్నీ తగలోగ్‌లోనే నడిచాయి కనక జెరిక్‌కి అంతా అర్థమైంది. వాడు బాస్కెట్‌బాల్ బుట్ట వైపు చూస్తూ, "దాన్ని అటు చేర్పించండి. నాకు ఇది అలవాటే" అన్నాడు.

గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే భరించేదాన్ని.

ఆఫీసులోకి తిరిగొచ్చాక ఆవిడ రెండు ఫారాలు నా ముందు పెట్టింది, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. నేను నీలందాన్ని వెనక్కి తోసి, "ఇంకో ఆకుపచ్చది ఇవ్వండి" అన్నాను.

"మెర్లీ, పిచ్చా నీకు?" అన్నాడు ఆర్నెల్. "దానికి పాఠం ఒక్క ముక్క అర్థం కాదు. రెండేళ్ళు వెనకబడిపోతుంది."

"పడనీ. వాడు తొమ్మిదేళ్ళు వెనకే ఉన్నాడు."

రెండు ఆకుపచ్చ ఫారాల మీదా సంతకం పెట్టేశాను. చాలా గొప్ప పని చేసినట్టు, చేసిన తప్పంతా ఒక్క దెబ్బతో కడిగేసుకున్నట్టు అనిపించింది. క్లారిస్‌తో ఇంగ్లీషులో చెప్పాను, నువ్వు అన్నయ్యతో పాటే చదువుతావు, ఆ కొలను మనది కాదు అని. అది ముందు నమ్మలేదు. నమ్మాక ఏడుపు మొదలుపెట్టింది.

ఇంటికెళ్ళే జీప్నీ బండిలో కూడా ఏడుపు ఆపలేదు. "నాకు వాళ్ళ మాటలేం తెలీవు మమ్మీ, నేనక్కడ ఎవరితో మాట్లాడాలి? నన్నెందుకు అక్కడ పడేస్తున్నావు?" అంటూ వెక్కుతోంది. ఎదురుగా కూర్చున్న ముసలాయన కూడా తల తిప్పుకున్నాడు. మార్కెట్ దగ్గర ఆర్నెల్ నా మొహం చూడకుండా దిగిపోయాడు. నేను మాత్రం మెత్తబడలేదు, అలవాటు పడుతుందిలే అనుకున్నాను.

జెరిక్ చాలాసేపు చెల్లెలి మొహమే చూశాడు. ఏడుస్తూ అంటున్న ఆ ఇంగ్లీషు వాడికి అందదు, అయినా అర్థమేమిటని నన్ను అడగలేదు. చివరికి నావైపు తిరిగాడు. వాడు నామీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

"దాన్నెందుకు ఏడిపిస్తున్నారు? నేను అడిగానా మిమ్మల్ని?"

"నీకోసమే కదరా" అన్నాను.

"అప్పుడు దాన్ని దగ్గర పెట్టుకుని నన్ను వదిలారు. ఇప్పుడు నాకోసం దాన్ని వదులుతున్నారు" అన్నాడు. "మీ చేతుల్లో ఎప్పుడూ మా ఇద్దరిలో ఒకళ్ళకేనా చోటు?"