రేవు బురుజులో చెప్పుల సంచి

కొత్త చెప్పులు కొన్నప్పటినుంచీ దర్జీ భార్యకు లోకమంతా దొంగలే. రేవు ఒడ్డున, వచ్చేపోయే ఓడల మీద కన్నేసి ఉంచడానికి తెల్లదొరలు కట్టుకున్న బురుజు చూద్దామని మొగుడు తీసుకొచ్చాడు. పాత చెక్కమెట్లు పాడవకుండా చెప్పులు కిందే విప్పి అరలో పెట్టాలి. అరలో చెప్పులు లేకపోతే పైన జనం లేరని లెక్క. కాపలావాడు తాళం వేస్తాడు. బోర్డు మీద రాసే ఉంది, ఆవిడ చదివితేగా! వాడు అటు తిరగ్గానే ఇద్దరి చెప్పులూ సంచిలో కుక్కింది. చోటు చాలక బిస్కెట్ పొట్లం తీసి అర పక్కన బల్ల మీద పెట్టింది. మొగుడికి షుగరు, ఉన్నట్టుండి పడిపోతుంది. ఆ పొట్లం లేకుండా ఆమె ఎన్నడూ గడప దాటదు.

పైన దొర కుర్చీ, దుర్భిణి, గోడలోంచి కింద కాపలా గదికి దిగిన ఇత్తడి గొట్టం చూశారు. దొర అందులోంచే కిందివాళ్లకు హుకుం జారీ చేసేవాడట.

"మెట్లు దిగే ఓపిక లేక," అని దర్జీ నవ్వాడు. అంతలో కింద ఇనుప తలుపు మూసుకుంది.

దర్జీకి చెమటలు పట్టాయి. కళ్లు తిరిగాయి. "ఏమే, కాస్త బిస్కెట్టియ్యి."

పొట్లం కింద బల్ల మీదే ఉండిపోయింది. ఫోను ఆయన ఇంట్లో మరిచొచ్చాడు, ఆమెకు ఫోనే లేదు. దిగి తలుపు బాదింది. ఆ మందపు తలుపు చప్పుడు కాపలా గదిదాకా పోలేదు. మళ్లీ పైకి పరిగెత్తేసరికి ఆయన గోడకు చేరగిలబడి పొంతనలేని మాటలు మాట్లాడుతున్నాడు.

గొట్టానికి నోరానించి అరిచింది. "నాయనా, తలుపు తియ్యి. మా ఆయన పడిపోయాడు."

కాసేపటికి కిందినుంచి భయంభయంగా కాపలావాడి గొంతు వచ్చింది. "పైన ఎవరూ లేరే. చెప్పుల్లేవు."

"చెప్పులు నా దగ్గరున్నాయి. నీ కాళ్లు పట్టుకుంటా, బల్ల మీద బిస్కెట్లు పట్టుకురా."

ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి. బుగ్గలు తట్టింది, తిట్టింది, బతిమాలింది. తన అతిజాగ్రత్తే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

చివరికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. కాపలావాడు బిస్కెట్లతోపాటు గ్లాసులో పంచదార నీళ్లు కూడా కలిపి తెచ్చాడు. ఇద్దరూ కలిసి గుక్కగుక్కగా తాగించారు. దర్జీ మెల్లగా తేరుకున్నాడు.

వాడికి భయం పోయి కోపం వచ్చింది. "చెప్పులు దాచిందెవరండీ? నేను ఇంటికెళ్లిపోయుంటే ఏం చేసేవారు?"

ఆమె నోరు తెరవబోయింది. దర్జీ ఆమె చెయ్యి నొక్కాడు.

"నేనే బాబూ. ఆవిడ వద్దంటూనే ఉంది."

ఇన్నేళ్లుగా ఆయన తప్పులు పదిమందికీ చెప్పుకుతిరిగిన ఆ నోటికి మాట రాలేదు. ఏడుపొచ్చింది.