సోరిన్ ఎక్కని విమానం

డ్రయ్యర్‌లోంచి తీసిన తువ్వాళ్ళు ఇంకా వేడిగా ఉన్నాయి. వాటిలో మొహం దాచుకుని నిలబడటం, పెళ్ళయి టెక్సస్‌లోని ఈ ఫ్రిస్కో వచ్చాక నేను కనిపెట్టిన సుఖాల్లో ఒకటి. ఆ శుక్రవారం సాయంత్రం అలా నిలబడి ఉండగానే పక్క అపార్ట్‌మెంట్ ఇలింకా మా తలుపు బాదింది. తీస్తే తడి జుట్టు, చెప్పుల్లేని కాళ్ళు. నన్ను గట్టిగా వాటేసుకుని, సోరిన్‌కి పిలుపు వచ్చిందని చెప్పింది. రుమేనియా జాతీయ జట్టు నుంచి.

సోరిన్ ఆమె భర్త. మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో మిడ్‌ఫీల్డర్. అంటే గోల్ కొట్టేవాడూ కాదు, ఆపేవాడూ కాదు. మైదానం మధ్యలో ఊపిరాడకుండా పరుగెత్తి, బంతి లాక్కుని, ఇంకొకరికి అందించి మళ్ళీ పరుగెత్తేవాడు. మేం మ్యాచ్‌కి వెళ్ళినప్పుడల్లా మైకులో అతని పేరు కోసం చెవులు రిక్కించేదాన్ని. వినపడేది కాదు. సొంత దేశంలో చిన్న క్లబ్బులు, తర్వాత సైప్రస్, పోలండ్, చివరికి టెక్సస్. ముప్ఫై దగ్గరపడుతున్నా జాతీయ జట్టు ఒక్కసారీ పిలవలేదు. ఇప్పుడు వాళ్ళ మిడ్‌ఫీల్డర్లు ఇద్దరికి దెబ్బలు తగిలాయట. వచ్చే శుక్రవారం మ్యాచ్. సోమవారమే బయల్దేరి రమ్మన్నారు.

ఇలింకాదీ నాదీ ఒకటే పరిస్థితి. మొగుళ్ళ వీసాల మీద వచ్చాం, ఉద్యోగం చేయకూడదు. తనకీ ఈ ఏడే పెళ్ళయింది. మొక్కజొన్న పిండితో తను కలిపే మామలీగ అచ్చం మా కర్నూలు సంగటిలా ఉంటుందని తెలిసినప్పటి నుంచి మా రెండు వంటిళ్ళూ ఒకటయ్యాయి. అందుకని పిలుపు నాకే వచ్చినంత సంబరపడి, సగం మడిచిన తువ్వాళ్ళు సోఫా మీదే వదిలేసి సేమ్యా పాయసం మొదలుపెట్టాను.

పాయసం తింటూ సోరిన్ తన భయం బయటపెట్టాడు. అతని గ్రీన్‌కార్డు అప్లికేషన్ నడుస్తోంది. క్లబ్బులో విదేశీ ఆటగాళ్ళు ఇంతమందే ఉండాలని లెక్క ఉంది. కార్డు వచ్చినవాడు ఆ లెక్కలోకి రాడు. కార్డు వస్తేనే వచ్చే ఏడాదికి కాంట్రాక్టు అని క్లబ్బువాళ్ళు స్పష్టంగా చెప్పారట. మరి అప్లికేషన్ మధ్యలో దేశం దాటి వెళ్ళొచ్చా? క్లబ్బు లాయరు లేబర్ డే సెలవులకి ఎక్కడికో వెళ్ళింది. మెసేజ్ పెట్టాడు, జవాబు లేదు.

మా అపార్ట్‌మెంట్లలో ప్రతి తెలుగువాడూ సగం లాయరే. పప్పులో ఉప్పెంతో తెలియకపోయినా వీసా నియమాలు కంఠతా వచ్చు. మా ఆయన ఫణి స్పూన్ పక్కన పెట్టి, పర్లేదు, నిశ్చింతగా వెళ్ళిరమ్మన్నాడు. నమ్మకం కోసం ఆఫీసులో తన సీనియర్ జగదీష్ అన్నకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"నేను పోయొచ్చిన కద, తమ్మీ," అన్నాడు జగదీష్ అన్న. "గ్రీన్‌కార్డు ఫోర్ ఎయిటీ ఫైవ్ ఫారం పెండింగ్‌ల ఉండంగనే మా చెల్లె పెండ్లికి పోయిన. ఆడ వీసా స్టాంపింగ్ చేపిచ్చుకున్న, వచ్చిన. ఏం గాలే. భయపడకుమని చెప్పు ఆయనకు."

ఫణి ఇంగ్లీషులో చెప్పాడు. సోరిన్ మొహం విచ్చుకుంది. మా ఆయనకి ఎన్ని తెలుసో అని నేను ఆ పూటంతా మురిసిపోయాను.

సోమవారం మధ్యాహ్నం నలుగురం ఎయిర్‌పోర్టుకి బయల్దేరాం. డ్రైవింగ్ నాది. లైసెన్స్ కొత్తగా వచ్చింది. సిగ్నల్ పడినప్పుడల్లా దాన్ని బయటికి తీసి, దాని మీది నా ఫొటో చూసుకునే రోజులు. వెనక సీట్లో సోరిన్ తన బూట్ల సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. సూట్‌కేసులో వేస్తే పోతుందేమోనని భయమట. ఇలింకా తెరిచిన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలిని పట్టుకుంటోంది.

లాయరు ఫోన్ అప్పుడు వచ్చింది.

సోరిన్ మాట్లాడింది తక్కువ. చివరికి కారు ఎక్కడైనా ఆపమన్నాడు. గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పాను. ఫోన్ ఫణి చేతికిచ్చి దిగిపోయాడు. లాయరు మొత్తం మళ్ళీ చెప్పింది. అప్లికేషన్ నడుస్తుండగా వెళ్ళి రావడం హెచ్-వన్ వాళ్ళకి, అంటే ఫణిలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకి, చెల్లుతుంది. ఆటగాళ్ళ వీసాకి చెల్లదు. ప్రయాణానికి వేరే అనుమతి కాగితం ఉండాలి. దానికి అప్లై చేసి ఉంచింది, ఇంకా రాలేదు. అది చేతిలో లేకుండా విమానం ఎక్కితే గ్రీన్‌కార్డు తనంతట తాను వదులుకున్నట్టే.

"హెచ్-వన్‌కైతే అంతే కదా, దీపూ," అన్నాడు ఫణి నీరసంగా.

"ఆయన హెచ్-వన్ కాదు ఫణీ. ఆయన కోడ్ రాయడు. బంతి ఆడతాడు."

"జగదీష్ అన్న కూడా..."

"జగదీష్ అన్న రుమేనియాకి ఆడాడా?"

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన మీద కోపం, ఆ కోపం మీద మళ్ళీ కోపం. పెళ్ళయ్యాక ఇంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. బయట సోరిన్ గాలి కొట్టే మెషీన్ పక్కన నిలబడి, కింద పడి ఉన్న ప్లాస్టిక్ సీసాని పాదంతో మెల్లగా అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. ఇలింకా వెళ్ళి పక్కన నిలబడింది. కాసేపటికి అతను వచ్చి ఫణి వైపు కిటికీ దగ్గర వంగాడు.

"నువ్వు చెప్పావని వెళ్ళిపోయేవాణ్ణి," అన్నాడు. "నా మీద నాకే కోపంగా ఉంది. నాకు కావలసిన మాట చెప్పావు కాబట్టి నమ్మాను."

తిట్టినా బాగుండేది. ఫణి తల దించుకున్నాడు. తర్వాత లాయరుకి తనే మళ్ళీ ఫోన్ చేసి, ఈసారి ఏమీ చెప్పకుండా అడగడం మొదలుపెట్టాడు. అత్యవసరమైతే పక్క ఊరు అర్వింగ్‌లోని ఇమిగ్రేషన్ ఆఫీసులో ఆ కాగితం ఆ పూటే ఇచ్చిన సందర్భాలున్నాయట. అపాయింట్‌మెంట్లు లేవు, వెళ్ళి నిలబడి బతిమాలుకోవాలి. ఆట అత్యవసరమా కాదా అన్నది ఆ కౌంటర్‌లో కూర్చున్న మనిషి ఇష్టం. ఇవాళ లేబర్ డే సెలవు, తలుపులే తెరవరు. సోరిన్ బుకారెస్ట్‌లోని జట్టువాళ్ళకి ఫోన్ చేశాడు. బుధవారం దాకా చూస్తామన్నారు, ఆ తర్వాత ఇంకొకర్ని పిలుస్తారు.

విమానం టికెట్ మర్నాడు సాయంత్రానికి మార్చారు. కాగితం రాకపోతే ఎక్కనని సోరిన్, రాకపోయినా ఎక్కమని ఇలింకా. వాళ్ళ భాషలో వాళ్ళ పోట్లాట, ఇల్లు చేరేదాకా సాగింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరు ఏ వైపో నాకు తెలుస్తూనే ఉంది. కార్డు పోతే ఇల్లు పోతుంది. పిలుపు పోతే మళ్ళీ రాదు.

పార్కింగ్‌లో దిగాక సూట్‌కేసు నేను దించనివ్వలేదు. అది కారులోనే ఉంటుందన్నాను. జట్టు పంపిన పిలుపు, లాయరు రాసిచ్చే ఉత్తరం ఫణి ఈ పూటే ప్రింట్ తీస్తాడు. రేపు తెల్లవారగానే నలుగురం బయల్దేరుతున్నాం. ఆ ఆఫీసు తలుపు తెరిచేసరికి ముందు నిలబడేది మనమే. డ్రైవింగ్ నాది. కౌంటర్ దగ్గర మాట్లాడేది సోరిన్ ఒక్కడే.

"మరి నేను?" అన్నాడు ఫణి.

"నువ్వు ప్రింట్లు పట్టుకో," అన్నాను.