బాక్సుల వెనక మనిషి

ఆరో ఊక బస్తాను అచ్చిబాబు భుజం మీంచి దించి, మోకాలితో రెండు పోట్లు పొడిచి మూలకు ఆనించాడు. హాలు మధ్యకు వచ్చి గట్టిగా చప్పట్లు కొట్టాడు. పొద్దున తిరిగి మొహాన కొట్టిన చప్పుడు ఇప్పుడు గోడల్లోనే అణిగిపోయింది.

మిల్లులో ఊరికే పోయే ఊకను గోనెల్లో కుక్కి గది మూలల్లో పెడితే బేస్ మోత అక్కడ గూడుకట్టదని అతనికి ఎవరూ నేర్పలేదు. ఎప్పుడో ఒక కల్యాణమండపంలో, వంటవాళ్ళు బియ్యం బస్తాలు పేర్చిన మూల దగ్గర మాత్రం పాట శుభ్రంగా వినిపించింది. బియ్యం ఖరీదైన సరుకు, ఊక చవక, శబ్దానికి రెండూ ఒకటే. ఆ రోజు నుంచి అతను ఊకనే నమ్ముకున్నాడు.

పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం పడవ తాళ్ళు లాగినవాడివిలా బలిసి ఉంటాయి. కుడిచేతి వేళ్ళ మీద వైర్లు అతికే సీసం కాలిన మచ్చలు చింతగింజల్లా మెరుస్తాయి. సుత్తి దెబ్బకు నల్లబడిన ఎడమ బొటనవేలి గోరు మళ్ళీ తెల్లబడనే లేదు. పదిహేడో ఏట శివరామకృష్ణ గారి తండ్రి దగ్గర మైకు సెట్లు మోయడానికి చేరి, అరవై ఒకటో ఏట కొడుకు దగ్గర మోస్తున్నాడు.

ఆ రోజు రాజమండ్రి గట్టు పక్కన ఒక పాత గోడౌను మేడ మీద క్లబ్బు. పాటలు పెట్టేది హెలెన్. సామర్లకోట రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, ఇప్పుడు బెర్లిన్‌లోనూ ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ నాలుగు దెబ్బల దరువుతో సాగే హౌస్ మ్యూజిక్ పెట్టి వేలమందిని ఆడిస్తున్న డీజే. ఇక్కడ మాత్రం అరవై మందికి మించి వద్దంది. కొత్త రకం బాక్సులు వద్దు, పాత చెక్క స్పీకరు బాక్సులే కావాలంది. అలాంటివి ఎనిమిది శివరామకృష్ణ గారి దగ్గర మిగిలాయి. ఎనిమిదీ అచ్చిబాబు తన చేత్తో కోసి, బిగించి, జిగురు పెట్టినవే.

పొద్దున సామాను ఎక్కిస్తుంటే శివరామకృష్ణ గారు దాపరికం లేకుండా చెప్పేశారు.

"చూడు అచ్చిబాబూ, ఇవి మన గోడౌనులో సగం తినేస్తున్నాయి. ఆవిడ మెచ్చుకుంటే ఉంచుదాం, వాటితో పాటు నువ్వూ ఉంటావు. లేదంటే సోమవారం పాత చెక్క కొనేవాడొస్తాడు. తర్వాత నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోనండి," అన్నాడు అచ్చిబాబు. వ్యాపారం చేసేవాడు అలాగే మాట్లాడాలి. అందులో తప్పేమీ కనబడలేదు.

కనబడిందల్లా తన తప్పే. రెండేళ్ళుగా దాన్ని దాచుకుంటున్నాడు. ఏ సరుకైనా నిల్వ ఉంటే తరుగు పోతుంది, చెవులు కూడా అంతే. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి సన్నటి శబ్దాలు అందవు. ఆరుబయట జాతరల్లో అది ఎవరికీ తెలిసిరాలేదు. నాలుగు గోడల మధ్య తెలిసిపోతుందేమోనని అతని భయం.

నాలుగింటికి హెలెన్ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, రంగు వేయలేదు. రికార్డుల సంచీ ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకుంటూ మెట్లెక్కింది. రికార్డు పెట్టి పది క్షణాలు విన్నదో లేదో, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నవ్వేసింది.

"బాబాయ్ గారూ, నేను పాట పెడుతున్నది లోపలున్నవాళ్ళకాండి, గోదారవతల కొవ్వూరోళ్ళకాండి?"

అచ్చిబాబు తిరిగి చూసుకున్నాడు. ఎనిమిది బాక్సుల్లో నాలుగు కిటికీల వైపు, రోడ్డుకు మొహం పెట్టుకుని ఉన్నాయి. చెయ్యి తన అలవాటు చొప్పున పెట్టేసింది. పెళ్ళిలో లోపల కూర్చున్న చుట్టాలు విన్నా వినకపోయినా ఫరవాలేదు, వీధి చివరి ఇల్లు వినాలి. ఈ వృత్తిలో మొదటి పాఠం అదే.

"అలవాటండి. పెద్దాపురం జాతరకైనా ఇలాగే పెడతామండి. వీధికి వినపడకపోతే డబ్బిచ్చే పార్టీ ఊరుకోడండి."

"ఈ పార్టీకి వీధి అక్కర్లేదండి. లోపలికి తిప్పేద్దాం. ముందు ఆ గుండీ తిప్పి ట్రెబుల్ కాస్త తగ్గించండి, సన్న శబ్దం చెవి కోసేస్తోంది."

తిప్పాడు.

"ఇంకా."

తిప్పాడు. అతనికి ముందుకీ ఇప్పటికీ ఏ తేడా లేదు.

"ఇంకొంచెం బాబాయ్ గారూ."

గుండీ మీద అతని చెయ్యి ఆగిపోయింది. ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాడు. చెబితే తన పని పోతుంది. చెప్పకపోతే రాత్రి అరవై మంది చెవులు మూసుకుంటారు, నింద బాక్సుల మీద పడుతుంది. మంచి సరుకుకు కొలిచేవాడి వల్ల చెడ్డపేరు రాకూడదు.

"ఆ పైది నాకు వినబడదమ్మా," అన్నాడు. "ఒక చెవి పోయింది, రెండోది సగం. షావుకారు గారికి తెలీదండి."

హెలెన్ రికార్డు ఆపలేదు. "మరి కిందిది, ఆ బేస్?"

"కిందిదానికి చెవితో పనేంటండి?"

చెప్పులు విడిచి అరికాళ్ళు నేలకు ఆనించాడు. అరచెయ్యి బాక్సు చెక్క మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత గోడ తడుముకుంటూ నడిచి ఎడమ మూల దగ్గర ఆగాడు.

"ఇదిగోండి, ఇక్కడ మోత గూడుకడుతోంది. ఇంకో బస్తా పడాలి."

హెలెన్ వచ్చి ఆ మూలన నిలబడింది. తల పక్కకు వంచి వింది. నిజమే.

"అయితే కింద మీ వాటా, పైన నా వాటా," అంది. "పట్టండి, తిప్పేద్దాం."

ఇద్దరూ చెరో పక్క పట్టి కిటికీల వైపున్న నాలుగు బాక్సులనూ లోపలికి తిప్పారు. ఆవిడ గుండీలు చూసుకుంది, అతను గోడలు చూసుకున్నాడు. దీపాలు పెట్టేవేళకు పాట గదికి సరిగ్గా సరిపడి కూర్చుంది.

ఎనిమిదింటికి జనం వచ్చారు. అచ్చిబాబు ఎప్పటిలా బాక్సుల వెనక, వైర్ల మధ్య నిలబడ్డాడు. నలభై నాలుగేళ్ళుగా అతని చోటు అదే. చీరను ఎప్పుడూ తిరగేసిన వైపు నుంచే చూసిన మనిషిలా, పాటనంతా వెనక నుంచే విన్నాడు.

గంట గడిచాక హెలెన్ పొడుగాటి రికార్డొకటి పెట్టి బల్ల దిగింది. గోడవారగా ఉన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని లాక్కొచ్చి, ఆడుతున్న జనం మధ్యలో వేసింది. అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"కూచోండి."

"మధ్యలో ఫ్యూజు పోతేనండి?"

"పోతే లేద్దురుగాని," అంది ఎడమ చెవిలో.

కూర్చున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్క దెబ్బ ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఆ దరువు కుర్చీ కాళ్ళలోంచి, తొడల్లోంచి, పక్కటెముకల్లోకి ఎక్కి అక్కడ స్థిరపడింది. వాళ్ళమ్మ పాపాయి రైసుమిల్లులో ఊక ఊడ్చేది. చంటివాణ్ణి ఊకకుప్ప పక్కన గోనె మీద పడుకోబెడితే ఇంజను బెల్టు అతుకు తిరిగి తిరిగి ఇలాగే కొట్టేది. దానికే నిద్రపోయేవాడట. ఇన్నేళ్ళూ ఊళ్ళూళ్ళూ తిరిగి ఎవరెవరి శుభకార్యాలకో మోసుకెళ్ళిన సరుకు ఇది. ఇంత మంచిదని చేసినవాడికే తెలియలేదు. చుట్టూ జనం లంకదిబ్బ చుట్టూ గోదారిలా చీలి, మళ్ళీ కలిసి ఆడుతున్నారు. తనకు అన్నం పెట్టిన చెక్కకి, మొదట పనిచ్చిన పెద్ద షావుకారికి, ఊకకి, పోయిన కుడి చెవికి కూడా మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ఆ గంటసేపూ ఫ్యూజు పోలేదు.

పదింటికి పాట ఆగింది. గుమ్మం దగ్గర శివరామకృష్ణ గారి మొహం వెలిగిపోతోంది.

"గెలిచావయ్యా! ఆవిడ ఏటా వస్తానంది, ఇవే బాక్సులు కావాలంది. ఇంక చెక్కవాడూ లేడు, ఎవడూ లేడు."

"సంతోషమండి. నేను మాత్రం రేపట్నుంచి రానండి."

"ఏంటయ్యా, ఇప్పుడే కదా పేరొచ్చింది!"

"అందుకేనండి. దిగాల్సిన స్టేషన్లో దిగిపోవాలి. దాటాక దిగితే వెనక్కి నడవాలి కదండీ. చెవి పోయిందండి. రెండేళ్ళయింది," అన్నాడు.

"తెలుసు."

అచ్చిబాబు తలెత్తాడు.

"రెండేళ్ళుగా నీ ఎడమ పక్కనే ఎందుకు నడుస్తున్నాననుకున్నావు?" అన్నారు శివరామకృష్ణ గారు. "అటు నడిస్తే తీరిపోయేదానికి నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకు? మీ ఆవిడ నూకరత్నానికి తెలుసా?"

"తెలియకేంటండి. అరిచి అరిచి మాట్లాడుతుంది. మా ఇంట్లో ఏం కూరో వీధి మొత్తానికీ తెలిసిపోతోందండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. షావుకారు అతని భుజం మీద చెయ్యి వేశారు. బాక్సులకు కింద ఎప్పుడూ ఇటుక ముక్కలు పెట్టించమని, వానాకాలంలో నేల చెమ్మ చెక్కకు మంచిది కాదని అచ్చిబాబు చెప్పాడు. పెట్టిస్తానన్నారు. ఆ తర్వాత, వృత్తిలోకి వచ్చాక మొదటిసారి, ఒక్క వైరు కూడా చుట్టకుండా మెట్లు దిగి గట్టు వైపు వెళ్ళిపోయాడు.

పైన మిగతా పనివాళ్ళు వైర్లు చుట్టారు, బాక్సులకు గుడ్డలు కప్పారు, బస్తాలను మూలల్లోనే ఉంచేశారు. వెళ్ళేముందు శివరామకృష్ణ గారు దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతూ వచ్చారు. ఖాళీ హాలు మధ్యలో ఆ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, వీపు ఆనిన చోట చెమట తడి ఇంకా ఆరకుండా, ఎనిమిది బాక్సులకు ఎదురుగా ఉంది.