తిన్నాక నీళ్ళలో దిగకూడదు

మా అత్తగారు గవీనాకి దేవుడెంతో, తిన్నది అరగడం కూడా అంతే. ఆవిడొక్కతే కాదు, సార్డీనియా దీవిలో మా ఊరంతా అదే వరస. అన్నం తిన్న పిల్లలు మూడు గంటలు గడిచేదాకా సముద్రంలో కాలు పెట్టకూడదు. పెడితే కడుపు బిగుసుకుని మునిగిపోతారట. అలా మునిగినవాళ్ళని ఆవిడ చూసిందా అంటే, లేదు. వాళ్ళమ్మ చెప్పింది, అంతే.

ఆ ఆగస్టు మధ్యాహ్నం గొడుగు కింద వంకాయ పాస్తా, పుచ్చకాయ తిన్నాం. తీరాన్ని కాపలా కాసే ఎఫీజియో కూడా తన తెడ్ల పడవకి తాళం వేసి భోజనానికి వెళ్ళాడు. నీళ్ళలో ఎవరూ ఉండని వేళ అతనికి మాత్రం పనేముంది? మా ఎనిమిదేళ్ళ ఇలారియా మాత్రం ప్రాణం తోడేస్తోంది.

"నానమ్మా, ఒళ్ళు కాలిపోతోందే. మోకాళ్ళ దాకా దిగుతా."

"కాలివేలు తడిసిందంటే వీపు విమానం మోత మోగుద్ది."

"పోనీ గాలిపరుపు మీద పడుకోనా? తడవను కదా!"

అత్తగారు ఆలోచనలో పడింది. పరుపు మీదుంటే పొట్టకి నీళ్ళు తగలవు, నియమం చెడదు. సరేనంది. నాకు నవ్వొచ్చింది. కొండ మీంచి వీచే గాలి వీపుకి హాయిగా తగులుతోంది. ఒడ్డున నీళ్ళు నూనె పోసినట్టున్నాయి, అలన్నదే లేదు.

పళ్ళేలు సర్ది తలెత్తేసరికి పరుపు, ఈతకి హద్దుగా నీళ్ళ మీద కట్టిన బంతులు దాటిపోయింది. గాలి దాన్ని సముద్రంలోకి నెట్టుకుపోతోంది.

"ఇలారియా! వెనక్కి రావే!"

చేతులతో నీళ్ళు తోసింది. పరుపు గిర్రున తిరిగిందే గానీ రాలేదు. నేను బట్టలతోనే మెడలోతు దాకా వెళ్ళాను. దీవిలో పుట్టి పెరిగాను, ఈత రాదు. పక్క గొడుగు కింది కుర్రాడు ఈదుకుంటూ వెళ్ళాడు గానీ, పరుపు అతనికంటే జోరుగా పోతోంది. సగం దూరంలో వెనక్కి తిరిగాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అతనేం చేస్తాడు? పడవ గొలుసు పట్టుకుని గుంజాను. తాళంచెవి ఎఫీజియో జేబులో ఉంది.

ఎవరో తీర రక్షణ వాళ్ళకి ఫోన్ చేశారు. రేవు నుంచి పడవ బయల్దేరిందన్నారు.

దూరంగా ఇలారియా లేచి కూర్చుంది. నోరు తెరవడం కనిపిస్తోంది, మాట వినిపించట్లేదు. ఒక కాలు నీళ్ళలోకి దించింది. దూకి ఈదుకొద్దామనుకుంటోంది. రెండు బారలు కూడా ఈదలేని పిల్ల!

"దిగకు! పరుపు వదలకు! దిగావంటే చంపేస్తా!" అని గొంతు చించుకున్నాను.

"కాలు తియ్యవే, తిన్నావే!" అని అత్తగారు ఏడుస్తూ అరిచింది. ఆవిడ మీద ఒళ్ళు మండిపోయింది. అయినా పట్టుకున్న ఆవిడ చెయ్యి వదల్లేకపోయాను.

ఇలారియా కాలు పైకి తీసుకుంది. కాసేపటికి పరుపు ఎర్రటి చుక్కయింది. ఆ తర్వాత చుక్క కూడా లేదు. ఒడ్డున అంతమందిమి ఉండి, చూస్తూ నిలబడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయాం.

రేవు పడవ పిల్లని తెచ్చేసరికి పొద్దు వాలింది. దుప్పటి చుట్టుకుని ఉంది, పెదాలు పగిలాయి, బతికి ఉంది. కావలించుకుంటే నా చేతుల్లో కొయ్యలా బిగుసుకుపోయింది.

"మీ మాటలన్నీ వినిపించాయి," అంది. "దిగకన్నావు, చంపేస్తానన్నావు. నేనూ పిలిచానమ్మా. పిలుస్తూనే ఉన్నా. ఒక్కసారైనా పలకలేదేం?"

గాలి మా వైపు నుంచి అటు వీచింది తల్లీ, నీ గొంతు ఇటు రాలేదు అని చెప్పాను. బుద్ధిగా తలూపింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.