రాగితీగ చుట్టిన కర్ర

కాదు మనవరాలా, ఆ ముక్క కొట్టెయ్. నా రెండు వేళ్ళు ట్రక్కు తలుపులో పడి నలిగాయని రాశావు చూడు, అది అబద్ధం. నీకు చెప్పింది నేనే. మీ అమ్మకీ అదే చెప్పాను. అరవై ఏళ్ళకి పైబడి అందరికీ అదే. ఇప్పుడు అసలు సంగతి నెమ్మదిగా చెప్తాను, నువ్వూ నెమ్మదిగా రాసుకో.

సమ్మె రోజుల్లో మా అన్న ఆర్విల్‌ని బొగ్గు కంపెనీ కాపలావాళ్ళు కొట్టి చంపారని నీకు తెలుసు. అన్న కంపెనీ ట్రక్కొకటి వాగులోకి తోసేసి దాక్కున్నాడు. ఆ చోటు మా నాన్నే చెప్పేశాడని మా అక్క వెర్డీ నమ్మింది. లోయంతా నమ్మింది. అక్క ఊరొదిలి డేటన్ పట్నం వెళ్ళిపోయింది. నాన్న పోతే మట్టి వెయ్యడానికి కూడా రాలేదు. నాన్న దగ్గరే ఉండిపోయానని నాతోనూ మాట్లాడదు. అది గుర్తుపెట్టుకుని మిగతాది విను.

మన చరిత్ర సంఘం వాళ్ళు నెలకో కార్యక్రమం పెడతారు కదా. ఒక నెల సమాధుల దగ్గర గడ్డి కోస్తారు. ఒక నెల పాత ఫొటోల్లో మనుషుల పేర్లు చెప్పిస్తారు. అక్టోబరులో 'ఇదేంటో చెప్పండి'. ఎవరింట్లో దొరికిన పాత వస్తువు వాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాలి. అదెందుకు పనికొచ్చేదో మిగతావాళ్ళు చెప్పాలి. సరిగ్గా చెప్పినవాడికి ఎండు ఆపిళ్ళ కేకు. ఆ చెప్పిన మాటా, చెప్పినవాడి పేరూ అట్టముక్క మీద రాసి వస్తువు పక్కన పెడతారు. నేను కేకు కోసమే వెళ్ళాను, దాచడమెందుకు.

పాత రైల్వే స్టేషన్లో నలభై మంది దాకా ఉన్నారు. సంఘం నడిపేది ఎనిడ్ ప్రాట్, ఒకప్పుడు మీ అమ్మకి పాఠాలు చెప్పిన టీచరమ్మ. ఏడో వస్తువు పైకెత్తింది. మూరెడు కర్ర. చివర తొలిచి సీసం పోశారు. పిడికి తోలు ఉచ్చు. నడుమ చీలిన చోట రాగితీగ చుట్టి ఉంది.

నేను లేచి నిలబడ్డాను.

"వెన్న చిలికేదా?"

"చేపల నెత్తి మీద కొట్టేది!"

"మా అత్త దీంతోనే రోజూ పొద్దున్నే మా మామని లేపేది!"

అందరూ నవ్వారు. తెచ్చిన పిల్ల డార్లా క్రిస్మన్, ఆసుపత్రిలో నర్సు. "మా తాత షెడ్డులో దొరికింది. పందుల్ని కొట్టడానికేమో," అంది.

"పందుల్ని కాదమ్మా," అన్నాను.

"అదిగో, హోబర్ట్ బాబాయికి తెలుసు! రా బాబాయ్, ఎలా వాడేవారో చూపించు," అని ఎనిడ్ దాన్ని నా చేతిలో పెట్టింది.

అలంకారానికని బల్ల ముందు గుమ్మడికాయలు పేర్చారు. ఉచ్చు మణికట్టుకి తగిలించుకున్నాను.

"మొదటి దెబ్బ మోకాలికి. పరిగెత్తకుండా." కొట్టాను. కాయ పగిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"రెండోది మోచేతికి. మొహానికి అడ్డం పెట్టుకోకుండా." గుజ్జు ఎగిరి ఎనిడ్ కళ్ళద్దాల మీద పడింది.

"తర్వాతది దవడకి. అరవకుండా." ఆ తర్వాత ఎన్ని కొట్టానో నాకు తెలీదు. నేలంతా గింజలు. భుజం పట్టేసింది. ఇంకెవరూ నవ్వడం లేదు.

"మా ఆర్విల్‌ని ఇలాగే కొట్టారు," అన్నాను. "మొక్కజొన్న కొట్టులోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి. ఇద్దరు పట్టుకున్నారు, ఒకడు కొట్టాడు. బురదలో అన్న పళ్ళు ఏరింది నేను."

డార్లా బల్ల అంచు పట్టుకుంది. "మా తాతా?"

"మీ తాతే. కంపెనీ కాపలావాడు."

వెనక వరసలోంచి క్లీట్ బౌలింగ్ అని మన లోయవాడే ఒకడు లేచాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. "కొట్టింది క్రిస్మనే, ఎవడు కాదన్నాడు? చోటు చూపించిందెవడ్రా? మీ బాబు కాదూ? కొడుకుని అమ్ముకున్న ముసలాడి కథ కూడా చెప్పరా!"

కుర్చీలు తన్నుకుంటూ వెళ్ళి కర్ర ఎత్తాను. వాడి తల పగలగొట్టాలనే ఎత్తాను మనవరాలా, అది కూడా రాయి. క్లీట్ మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అచ్చం ఆర్విల్ పెట్టుకున్నట్టే.

నా చెయ్యి కిందికి రాలేదు. కాసేపటికి మెల్లగా దించాను. కర్ర బల్ల మీద పెట్టి, పక్కన నా చెయ్యి పరిచాను.

"ఈ వేళ్ళు చూడు క్లీట్. కర్ర మీది తీగ చుట్టలు చూడు. వేళ్ళ మీద అవే గాట్లు చూడు. ఆ ఆదివారం నాన్న ప్రార్థనకి వెళ్ళాడు. ఇంట్లో నేనొక్కణ్ణే, పదిహేడేళ్ళవాణ్ణి. క్రిస్మన్ నా చెయ్యి పొయ్యి అంచు మీద పెట్టి, అన్న ఎక్కడని ఈ కర్రతో కొడుతూ అడిగాడు. మొదటి వేలికి చెప్పలేదు. రెండో వేలికి చెప్పాను. చెప్పింది నేను. మా నాన్న కాదు."

నాన్న ఇంటికొచ్చి ముందు అన్న శవాన్ని చూశాడు. తర్వాత నా చెయ్యి చూశాడు. ఏమీ అడగలేదు. "ట్రక్కు తలుపులో పడ్డాయని చెప్పు. మిగతాది నా మీదికి రానీ," అన్నాడు. మర్నాడు వెర్డీ అందరి ముందూ ఆయన మొహాన ఉమ్మేసింది. ఆయన తుడుచుకోలేదు. నేను గుడ్డ కట్టిన చేత్తో పక్కనే నిలబడి ఉన్నాను.

క్లీట్ కూర్చున్నాడు. డార్లా వచ్చి నా వేళ్ళు పట్టుకుని వంచి చూసింది. "ఇవి సరిగ్గా అతికించలేదు తాతగారూ."

"అసలు అతికించలేదమ్మా. డాక్టరు కూడా కంపెనీవాడే."

ఆ పిల్ల కర్ర తిరిగి తీసుకోనంది, ఇక్కడే ఉంచెయ్యండంది.

ఎనిడ్ కళ్ళద్దాలు తుడుచుకుని అట్టముక్క తీసింది. "ఏం రాయమంటావు బాబాయ్?"

"ఆర్విల్‌ని చంపిన కర్ర అని రాయి. చోటు చెప్పింది తమ్ముడు హోబర్ట్, తండ్రి కాదు అని రాయి. చెప్పినవాడి పేరు దగ్గర నాదే పెట్టు." పెట్టింది. కేకు కూడా చేతికిచ్చింది. తినాలనిపించలేదు, అదిగో గూట్లోనే ఉంది.

ఇక డేటన్‌కి ఫోన్ చెయ్యి. నా గొంతు వింటే అక్క పెట్టేస్తుంది, అందుకని నువ్వే చదువు. అక్కకి ఎనభై మూడేళ్ళు, చెవి సరిగ్గా పనిచెయ్యదు, గట్టిగా చదువు. నా వేళ్ళ దగ్గర ఆగొద్దు. నాన్న నాతో చెప్పిన మాట దగ్గర ఆగి, ఆ మాట ఇంకోసారి చదువు. మధ్యలో పెట్టేస్తే, మళ్ళీ చేసి మొదట్నుంచీ చదివి వినిపించు తల్లీ.